మీ ప్రశ్నలు - మా జవాబులు: కుర్రోళ్ళకి పంచాయతీలో ఏం ఉండాది?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది వింజమూరు దగ్గర పల్లె. సాయంత్రమైతే కుర్రోళ్ళందరం కల్వర్టు గోడ మీద కూర్చొని ఫోన్లు చూసుకోవడమే, ఆడుకునేదానికి గ్రౌండ్ లేదు. సర్పంచి గారిని అడిగితే యూత్‌కి ఫండ్స్ రావబ్బాయ్ అంటా ఉండారు. నిజంగానే రావా? ఎవర్ని అడగాల?

జవాబు: తమ్ముడూ, ఆయన చెప్పింది సగం నిజమే. యూత్ అని పేరు పెట్టి పంచాయతీకి విడిగా డబ్బులేం రావు. వచ్చేవాటిల్లో పెద్దది ఆర్థిక సంఘం డబ్బు, 15వ ఆర్థిక సంఘం (2021-26) లెక్కలో అయితే దాంట్లో 60 శాతం తాగునీళ్ళకి, పారిశుద్ధ్యానికే పెట్టాలని పైనుంచే కట్టేశారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, జీతాలకి మాత్రం పనికిరాదన్నారు. ఇంక అట్టా విడిగా మిగిలే డబ్బు మీదే మా వీధికి సిమెంటు రోడ్డు, మా వీధికి సైడు కాలవ అని అందరూ పడతారు. మీరు ఆ అడిగేవాళ్ళల్లో లేరు, అదీ సంగతి.

అడగాల్సిన చోటు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, ఆఫీసోళ్ళు జీపీడీపీ అంటారు. ఏటా అక్టోబరు 2 నుంచి దాని హడావుడి మొదలవుద్ది, గ్రామసభ పెట్టి వచ్చే ఏడాది పనులు రాసి ఈ-గ్రామస్వరాజ్ అనే పంచాయతీల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. అది ఎవరైనా చూడొచ్చు, జిల్లా, మండలం, మీ పంచాయతీ పేరు కొడితే ఈ ఏడు ఏం పనులు రాశారో ఫోన్లోనే కనపడతాయి. అందులో లేని పనికి తర్వాత బిల్లు పెట్టడం తలనొప్పి, అంతా అయిపోయాక జూన్లో పోయి సెక్రటరీని బతిమాలితే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. ఓటరు లిస్టులో పేరున్న ప్రతివాడూ గ్రామసభ సభ్యుడే, మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా పిలవక్కర్లా. చాలా ఊళ్ళల్లో గ్రామసభంటే నలుగురు సంతకాలు పెట్టి టీ తాగి పోవడమే అయిపోయింది, 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టినప్పుడు కొంచెం సందడి కనపడింది గానీ అదీ ఉపాధి పనుల కోసమే.

సరే, సభకి పోయి గ్రౌండ్ కావాలి గ్రౌండ్ కావాలి అని గోల చేస్తే చూద్దాంలే అంటారు, అంతే. ఎంత జాగా, ఏ సర్వే నంబరు అనేది మీరే చెప్పాల. చాలామంది స్టేడియం అడిగినట్టు అడుగుతారు, అంత అక్కర్లా. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, చుట్టూ 3 మీటర్లు వదిలినా మొత్తం 9 సెంట్లు కూడా దాటదు. మగపిల్లల కబడ్డీ కోర్టు 13కి 10, అది ఇంకా తక్కువే. తొమ్మిది సెంట్లు అడిగితే లేదనడం ఏ సర్పంచికైనా కష్టం! ముందు సచివాలయంలో వీఆర్వోనో సర్వేయర్నో పట్టుకొని అడంగల్లో (ఊరి భూముల రికార్డు) పోరంబోకు ఎక్కడుందో చూపించుకోండి. చెరువు పోరంబోకు జోలికి మాత్రం పోవద్దు, ఎండిపోయి ఎంత చదునుగా కనపడినా సరే, చెరువులు, ఊరుమ్మడి జాగాల ఆక్రమణలు తీసెయ్యమని సుప్రీంకోర్టు 2011లోనే గట్టిగా చెప్పింది, రేపు ఎవడన్నా కేసు వేస్తే పని అక్కడికి ఆగిపోద్ది. జాగా ఏదీ దొరక్కపోతే జెడ్పీ హైస్కూలు గ్రౌండు సాయంత్రం పూట ఇమ్మని హెడ్మాస్టర్ని, స్కూలు కమిటీని అడగండి, గేటు తాళం ఎవరి దగ్గర ఉండాలో కూడా కాయితం మీద రాసుకోండి, గొడవలన్నీ ఆ తాళం దగ్గరే వస్తాయి.

సభ అయిపోయాక తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో అక్కడే చదివించుకోండి. "యువత సంక్షేమానికి కృషి చేయాలని తీర్మానించడమైనది" అని ఉంటే అది ఉత్త మాట. "సర్వే నంబరు ఫలానాలో తొమ్మిది సెంట్లు చదును చేసి వాలీబాల్ కోర్టు వేయుటకు" అని ఉండాల. చదును చేసే పని ఉపాధి పథకం కింద అవుద్దేమో కూడా అడగండి, పాత ఉపాధి హామీ పనుల జాబితాలో ఆటస్థలం ఉండేది.

ఇంకోటి, మీరు కనీసం ఏడుగురు కలిసి సొసైటీగా రిజిస్టర్ చేయించుకుంటే మంచిది, మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం ఏడుగురు చాలు. ట్రైనింగులకి, సొంతంగా ఏదన్నా పెట్టుకోడానికి నెల్లూర్లో సెట్‌నెల్ (యువతకి ఉపాధి, శిక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) ఆఫీసుకి పోండి, ఒంగోల్లో అలాంటి ఆఫీసు పేరు స్టెప్. అర్జీ ఎన్నిసార్లిచ్చినా కదలకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే తిక్కన ప్రాంగణానికి పోయి ఇచ్చి రశీదు తీసుకోండి. తీర్మానం కాపీ దాని వెనక కుట్టడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మాది కనిగిరి వైపు. గ్రౌండ్ వచ్చినా మా ఆడపిల్లలం పోలేం సార్. పోటీ పరీక్షలకి చదువుకునేదానికి ఒక రూమ్ అడగొచ్చా?

జవాబు: అడగొచ్చమ్మా, పైగా అది మీ డబ్బే. మీ నాన్న కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది, రశీదు తీసి చూడండి. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాల, చాలాచోట్ల ఏళ్ళ తరబడి బకాయిలే. మీ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది అని సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. ఆ లెక్క చేతిలో పెట్టుకొని అడిగితే మాట తీరే మారిపోద్ది.

అప్పటిదాకా ఆగాలని కూడా లేదు. వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయాన్ని 1918లో పెట్టింది హిందూ యువజన సంఘం వాళ్ళే, అంటే అప్పటి కుర్రోళ్ళే, ఆ ఊరు మొన్న 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. రూమ్ ఏ బడిలోనో పాత పంచాయతీ ఆఫీసులోనో ఖాళీగా ఉంటే అదే అడగండి, కొత్త బిల్డింగ్ అంటే టెండరు, బిల్లు అని లాగుతారు. లైటు, బాత్రూమ్, సాయంత్రం 7 దాకా తెరిచి ఉంచే మనిషి, ఈ మూడూ తీర్మానంలో రాయించండి, బాత్రూమ్ లేకపోతే నాలుగో రోజుకి ఒక్క ఆడపిల్ల కూడా రాదు.