ఈఎంఐకి ఆషాఢం తెలియదు

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి దగ్గరే పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నెలకు సగటున 32,000 వస్తుంది. ఇంటి ఖర్చు 24,000, చీటీ 5,000. బ్యాంకులో 41,000 ఉంది. నా సిస్టమ్ బాగా పాతది: నాలుగో తరం ఐ3, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్. ఒక్క షీట్ సేవ్ కొట్టి టీ తాగి రావచ్చు. ప్రాసెసర్ మార్పిద్దామని షాపుకు వెళితే, కొత్త సిస్టమే తీసుకోమన్నారు, 62,000. ఒక లోన్ యాప్ 60,000 ఇస్తానంటోంది. ప్రాసెసింగ్ ఫీజు 2,400, దాని మీద జీఎస్టీ. 12 నెలలు, నెలకు 6,150. కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు.

ఏ అప్పు మంచిదని అడిగారు గానీ, అసలు అప్పు అవసరమా అని అడగలేదు. డీటీపీ వాళ్ళు, ఫొటోగ్రాఫర్లు, జిరాక్స్ షాపుల వాళ్ళు చాలామంది చేసే పొరపాటే ఇది. "సంపాదించి పెట్టే వస్తువే కదా" అనుకోగానే లెక్క చూడటం మానేస్తారు. మీ లెక్క మీరే రాశారు. నెలకు మిగిలేది 3,000. అందులోంచి 6,150 ఎలా కడతారు?

పైగా ఆ 32,000 సగటు మాత్రమే. మాఘంలో, వైశాఖంలో నిద్రలేకుండా పని ఉంటుంది. ఆషాఢం రాగానే ఫోన్ మోగదు. శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. మీ ఇంటి ఖర్చు, చీటీ కలిపితే నెలకు 29,000. చేతిలో ఉన్న 41,000 నెలన్నర కూడా రాదు. జీతగాళ్ళకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను, ముహూర్తాల మీద బతికేవాళ్ళకు ఎనిమిది. అంత ఒక్కసారిగా కుదరదు కాబట్టి ముందు మూడు నెలల ఇంటి ఖర్చు, 72,000, చేర్చండి. సీజన్‌లో వచ్చే ప్రతి అడ్వాన్సులో నాలుగో వంతు వేరే ఖాతాలోకి వెళ్ళాలి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోకండి. ఈ నిధి ఉంటే మూఢం వచ్చినా పండగలా గడుస్తుంది, లేకపోతే ప్రాసెసర్ ఎంత స్పీడున్నా కరెంటు బిల్లుకే చేయి చాపాలి.

ఇక ఆ యాప్. నెలకు 1.9 శాతం అని చూపించి ఉంటుంది, అంటే నూటికి రెండు రూపాయల లోపు వడ్డీలాగే కనిపిస్తుంది. ఫీజు, జీఎస్టీ పోగా మీ చేతికి వచ్చేది 57,168. తిరిగి కట్టేది 73,800. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీద వేశారు. సరిగ్గా లెక్క కడితే ఇది నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ, ఏడాదికి సుమారు 50 శాతం. మీ వీధిలో ఎవరైనా నాలుగు రూపాయలకు ఇస్తానంటే దండం పెట్టి తప్పుకుంటారు. ఫోన్‌లో ఇస్తే ఎందుకు ఒప్పుకోవాలి? అప్పు ఇచ్చే ముందు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ (ఫీజులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం) అనే అంకె ఉంటుంది, అది చూడకుండా ఏ యాప్‌లోనూ ఓకే నొక్కకండి. కార్డు ఈఎంఐ దీనికన్నా నయమే, కానీ ఒక్క నెల బిల్లు తప్పితే అదీ ఇంతే.

సిస్టమ్ సంగతికి వద్దాం. పెద్ద ఆల్బమ్ ఫైలు తెరిచి సేవ్ కొట్టి, టాస్క్ మేనేజర్ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుని సీపీయూ (ప్రాసెసర్) 30, 40లో ఊగుతుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్‌డిస్క్‌ది. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగంగా చదివి రాసే డిస్క్) వేసుకోండి, ర్యామ్ నిండిపోతుంటే 16 జీబీ చేయండి. మీ బోర్డుకు అదే గరిష్ఠం. సీపీయూయే 100 కొడుతుంటే, అదే సాకెట్‌లో కూర్చునే నాలుగో తరం ఐ7 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. ప్రాసెసర్‌లో పని పంచుకునే కోర్లు రెండుకు బదులు నాలుగు వస్తాయి. కరెంటు ఎక్కువ లాగుతుంది, కాబట్టి పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు అందించే పెట్టె) తట్టుకుంటుందో లేదో, బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలో చూపించుకోండి. బోర్డులో పెట్టి ఆన్ చేసి చూపించాకే డబ్బివ్వండి. కొత్త తరం ప్రాసెసర్ అంటే మాత్రం బోర్డు మార్చాలి, బోర్డు మారితే ర్యామ్ మార్చాలి. షాపులో మీ లెక్క 62,000కు ఎక్కింది ఇలాగే.

ఏం చేసినా 8,000 దాటనివ్వకండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ఆగిపోయింది, 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా సపోర్ట్, మీది నాలుగో తరం. ఈ పెట్టె మీద ఎక్కువ పోస్తే తిరిగి రాదు. ఖర్చు పెట్టిన 8,000ను, ఇకపై వచ్చే రెండు ఆల్బమ్‌ల డబ్బుతో మళ్ళీ ఖాతాలో వేయండి. కొత్త సిస్టమ్ తర్వాత, 72,000 నిండాక, నగదుతో.

చీటీ ముందే పాడుదామనిపిస్తే, పాటలో ఎంత వదులుకోవాలో చూసుకోండి. ఆరోగ్య బీమా ఊసే ఎత్తలేదు మీరు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

తీసేసిన హార్డ్‌డిస్క్‌ను ఎక్స్ఛేంజ్‌కు మాత్రం ఇవ్వకండి. అందులో ఊరందరి పెళ్ళి ఫొటోలు ఉన్నాయి, బ్యాకప్‌కు ఉంచుకోండి.