కడుపులో పుండుకి కారణం కారమా, టెన్షనా, బ్యాక్టీరియానా?

మీ నాన్నగారికి ఏళ్ల తరబడి కడుపులో మంట, డాక్టరు ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు చూసే పరీక్ష) చేయించమన్నారు, హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చన్నారు, ఇంట్లోవాళ్లేమో కారం మానేసి టెన్షన్ తగ్గించుకుంటే చాలంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. డాక్టరు మాట వినండి. వాయిదా వేయకండి. నేను ఆరేళ్లు వాయిదా వేసి ప్రాణం మీదకి తెచ్చుకున్నాను.

మాది కావలి. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రాత్రి ఒంటిగంటా రెండింటికి బొడ్డుకి పైన, రొమ్ము ఎముక కింద ఎవరో వేలు పెట్టి పొడిచినట్టు నొప్పితో మెలకువ వచ్చేది. రెండు బిస్కెట్లు తిని నీళ్లు తాగితే అణిగేది. అందుకే దిండు పక్కన ఎప్పుడూ బిస్కెట్ డబ్బా ఉండేది. ఖాళీ కడుపుతో నొప్పి వచ్చి తింటే తగ్గడం చిన్నపేగు మొదట్లో వచ్చే అల్సర్‌లో, అంటే పుండులో, తరచుగా ఉంటుందని చాలా తర్వాత తెలిసింది. మా వీధి డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా గ్యాస్ బిళ్ల రాసేవారు, ఒక్క టెస్టూ రాయలేదు. మా అమ్మ పచ్చళ్లు ఆపేసింది. చేపల పులుసు ఆపేసింది. నెల్లూరు జిల్లాలో పుట్టి ఆరేళ్లు పెరుగన్నం తిన్నాను. ‘నా చేతి కారమే నిన్నిట్టా చేసింది నాయనా’ అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే నా దగ్గర జవాబు లేదు.

ఒకరోజు విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. మిల్లు మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. నెల్లూరు తీసుకెళ్లేసరికి రక్తంలో హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. పుండు లోపల రక్తం కారుస్తూనే ఉందన్నమాట.

ఎండోస్కోపీ చేసినప్పుడు కడుపులోంచి ఆవగింజంత ముక్క తీసి, ఒక చిన్న ప్లాస్టిక్ పలకలో ఉన్న పసుపు జెల్లులో పెట్టారు. నేను బల్ల మీద నుంచి లేచి కూర్చునేలోపే ముక్క చుట్టూ గులాబీ రంగు పాకడం మొదలైంది. ‘చూడండి, ఇదే మీ శత్రువు’ అన్నారు ఆ డాక్టరమ్మ. ఆ జెల్లులో ఉండేది యూరియా. మనం వరికి చల్లే యూరియానే, కొద్దిగా మన ఒంట్లోనూ ఉంటుంది. ఈ హెచ్. పైలోరీ క్రిమి యూరియేజ్ అనే ఎంజైముతో దాన్ని విడగొట్టి అమ్మోనియా తయారు చేస్తుంది. అమ్మోనియా తన చుట్టూ ఉన్న యాసిడ్‌ని చల్లారుస్తుంది కాబట్టి కడుపులో కూడా బతికేస్తుంది. పలకలో రంగు మారేదీ ఆ అమ్మోనియా వల్లే.

పుండుకి కారణం ఈ క్రిమే అన్న ఇంత చిన్న సంగతిని ప్రపంచం నమ్మడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు (ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు చెప్పే డాక్టరు) 1979లో కడుపు ముక్కల్లో మెలికలు తిరిగిన క్రిములు చూశారు. అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని అప్పటి డాక్టర్ల నమ్మకం. బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశారు. ఆ క్రిమిని ల్యాబులో పెంచబోతే ఎన్నిసార్లు చేసినా మొలవలేదు. రెండు రోజులకే పళ్లేలు పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల కొన్ని పళ్లేలు ఐదు రోజులు ఉండిపోయాయి, తెరిచి చూస్తే మొలిచి ఉంది! అయినా ఎక్కువమంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లో వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీలో కడుపు పొర వాచి కనిపించింది, క్రిమీ కనిపించింది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. మార్షల్ అంత చేసి చూపించాక కూడా మనం గ్యాస్ బిళ్లలతో ఏళ్లు నెట్టుకొస్తున్నామంటే నాకు బాధేస్తుంది.

మందుల దగ్గర నేను చేసిన తప్పు మీ నాన్నగారు చేయకూడదు. 14 రోజుల కోర్సులో ఐదో రోజుకే నొప్పి పోయింది. నోరంతా ఇనుము నాకినట్టు చేదు. మానేశాను. నాలుగు నెలలకి మళ్లీ అదే రాత్రి నొప్పి. మన దేశంలో ఈ క్రిమి కొన్ని యాంటీబయాటిక్స్‌కి బాగా అలవాటు పడిపోయింది, సగం కోర్సు దాన్ని ఇంకా మొండిదాన్ని చేస్తుంది. రెండోసారి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, యాసిడ్ తగ్గించే బిళ్ల, నాలుగూ కలిపి ఇచ్చారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. అది వచ్చిన అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ల్యాబులో పరిశోధనలకు పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలిశాక ఆ బిళ్ల వేసుకునేటప్పుడల్లా ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. టెట్రాసైక్లిన్‌ని పాలతో మాత్రం వేసుకోకూడదు, ఒంటికి సరిగా పట్టదు. బిస్మత్ వల్ల విరేచనం నల్లబడుతుంది, దానికి భయపడక్కర్లేదు. మందులు వాడకుండానే నల్లగా, తారులా అయితే మాత్రం ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కోర్సు అయ్యాక క్రిమి పోయిందో లేదో చూసే పరీక్ష తప్పకుండా చేయించండి. ఊపిరి ఊది చేసేది, లేకపోతే మలపరీక్ష. యాంటీబయాటిక్స్ ఆపి కనీసం నాలుగు వారాలు, గ్యాస్ బిళ్ల (యాసిడ్ తగ్గించేది) ఆపి రెండు వారాలు గడిచాకే చేయించాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని చూపించవచ్చు. నాది పోయింది. కారం మీద మా ఇంట్లో పడిన నింద కూడా పోయింది. పుండు ఉన్నప్పుడు కారం మంట పెంచుతుంది నిజమే, పుండు పెట్టేది మాత్రం అది కాదు.

ఇంకో సంగతి. ఈ క్రిమి ఉన్నవాళ్లందరికీ అల్సర్ రాదు, ఎక్కువమందికి ఏమీ కాదు. అల్సర్‌కి రెండో పెద్ద కారణం నొప్పి బిళ్లలు. మోకాళ్లకో నడుముకో మీ నాన్నగారు మెడికల్ షాపులో కొని ఏమైనా వేసుకుంటున్నారేమో కనుక్కోండి. పెద్దవాళ్లు ఇది చెప్పరు, మందు కిందే లెక్కవేయరు. ఆ ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, ఎండోస్కోపీకి వెళ్లేరోజు డాక్టరు ముందు పెట్టండి. రక్తం పల్చబడే బిళ్లలు వాడుతుంటే అది ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. పరీక్షకి మూడు నిమిషాలో ఐదు నిమిషాలో పడుతుంది. గొంతుకి మత్తు స్ప్రే కొడతారు. ఓకారం వస్తుంది, మీరు పక్కనుండి చెయ్యి పట్టుకోండి.