‘ప్రాణ స్నేహితులు’ అని రాసే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. వేరే దేశాలవాళ్ల స్నేహాల మీద కథలు రాయాలన్న నీ ఆలోచన మంచిది. అయితే పంపిన కథలో ఆ ఇద్దరినీ ‘ప్రాణ స్నేహితులు’ అన్నావే గానీ, ఒకరి దగ్గర మరొకరికి ఏ చనువుందో, ఏది అడగొచ్చో ఎక్కడా తేల్చలేదు. ఆప్యాయత ఏ దేశంలోనైనా ఉంటుంది. తేడా వచ్చేది హక్కుల దగ్గర, బాధ్యతల దగ్గర.

రాయబోయే ముందు కొన్ని తేల్చుకో. స్నేహం ఎవరు కలుపుతారు? చెప్పాపెట్టకుండా ఇంటికి రావచ్చా? అప్పు అడిగితే కాదనొచ్చా, కాదంటే ఏమవుతుంది? చెడితే ఎలా చెడుతుంది? మనసులు కలిస్తేనే స్నేహమని నీ నమ్మకం. కానీ కామెరూన్‌లోని బాంగ్వా తెగవాళ్లలో పిల్లలకు నేస్తాన్ని పెద్దలే కుదిర్చేవారని మానవశాస్త్రవేత్త రాబర్ట్ బ్రెయిన్ రాశాడు.

పాపువా న్యూగినీ తూర్పు కొసన ట్రోబ్రియాండ్, దాని చుట్టుపక్కల దీవుల్లో సాగే ‘కులా’ అనే కానుకల మార్పిడిని నిదానంగా చూడు. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1922లో దాన్ని వివరంగా రాశాడు. ఎర్ర చిప్పల హారాలు ఒక దిక్కుగా, తెల్ల శంఖు కడియాలు ఎదురు దిక్కుగా దీవి నుంచి దీవికి తిరుగుతుంటాయి. హారం ఇచ్చినవాడు బేరమాడకూడదు. బదులు కడియం వెంటనే రావచ్చు, ఏడాది దాటాకా రావచ్చు. ఏది సరితూగుతుందో తిరిగి ఇచ్చేవాడే నిర్ణయిస్తాడు. ఇలా ఇచ్చిపుచ్చుకునే ఇద్దరి జత జీవితాంతం ఉంటుంది. పరాయి దీవిలో దిగినవాడికి తిండి, ఆసరా, రక్షణ ఆ జతగాడే. బేరసారాలూ జరుగుతాయి, కాకపోతే వేరేవాళ్లతో. ఇక్కడ కౌగిలింతలు, కన్నీళ్లు రాస్తే కథ చెడుతుంది. బదులు రాని ఆ ఏడాది రాయి. నోరు తెరిచి అడగలేడు, మనసులోంచి తీసేయనూలేడు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తీర్పుల దగ్గర. మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్లెన్ ఆడమ్స్, విక్టోరియా ప్లాట్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఘనావాళ్లు అమెరికన్ల కంటే తమకు స్నేహితులు తక్కువేనన్నారు. స్నేహితులు మరీ ఎక్కువున్నవాణ్ణి తెలివితక్కువవాడిగా చూశారు. ఇది చదవగానే ‘అనుమానపు మనుషులు’ అని రాసేయకు. అమెరికన్లు తోడు గురించి మాట్లాడిన చోట ఘనావాళ్లు చేతిసాయం గురించి మాట్లాడారు. స్నేహితుడంటే అవసరానికి ఆదుకోవలసినవాడైతే, ఒక్కొక్కరు పెరిగేకొద్దీ మోయాల్సిన భారమూ పెరుగుతుంది. జాగ్రత్త అక్కడి నుంచి వచ్చింది.

అమెరికన్‌కు వీధి తలుపు తెరిచే ఉంటుంది గానీ లోపలి గదికి తాళముంటుంది, జర్మన్‌కు వీధి తలుపు దగ్గరే ఆలస్యం. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1936లో చేసిన పోలికకు సారం ఇదే. పాత్రను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. నేటి జర్మన్ పాత్రకు యథాతథంగా అతికించావో, బొమ్మే మిగులుతుంది. ఊరు, వయసు, చదువు, కులాసా బతుకా కష్టాల బతుకా అన్నది కూడా చూడాలి.

నీ కథలో అప్పు అడిగే ఘట్టం మళ్లీ రాయి. అడిగినవాడూ, లేదన్నవాడూ ఎవరి పద్ధతిలో వాళ్లు సరిగ్గానే నడుచుకున్నారని పాఠకుడికి తెలియాలి. ‘స్వార్థపరుడు’ అన్న ఆ వాక్యం కొట్టేసి, వాడు లేదన్న మర్నాడు ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఎవరు ముందు పలకరించారో రాయి. పూర్తయ్యాక పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి