మందగాలిలో నాలుగు దారాల గాలిపటం: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగు దారాల గాలిపటం (రెండు చేతుల్లో రెండు హ్యాండిళ్లు, ఒక్కోదానికి పైన ఒక దారం, కింద ఒక దారం ఉండేది) కొనాలనుకుంటున్నావనీ, మీ అట్లాంటా శివారులో చెట్ల మధ్య ఉన్న మైదానాల్లో గాలి సరిగా ఆడదు గనుక అన్నిటికన్నా పెద్దది తీసుకుంటే మేలా అనీ అడిగావు. పెద్దది వద్దని ముందే చెబుతున్నాను. మామూలు సైజు పటమే కొని, దానికి బట్టను చాపి ఉంచే తేలికైన రాడ్లూ సన్నని పొట్టి దారాలూ అమర్చుకుని, వెనక్కి నడవడం నేర్చుకుంటే నీకు కావలసినది చాలావరకు దొరుకుతుంది.

దీనికి కారణం ఉంది. గాలి వేగం సగానికి తగ్గితే పటం మీద పడే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అదే లెక్కను తిరగేసి చూడు. గంటకు 3 మైళ్ల గాలి అంటే సిగరెట్ పొగ పక్కకు వాలుతుంది గానీ చెట్ల ఆకులు కదలవు. అటువంటి గాలిలో నీవు గంటకు 3 మైళ్ల వేగంతో, అంటే మామూలు నడకతో, వెనక్కి నడిస్తే పటానికి తగిలే గాలి 6 మైళ్లు అవుతుంది, బలం నాలుగు రెట్లు పెరుగుతుంది. ఏ దుకాణంలో ఎంత ఖర్చు పెట్టినా పటంలో ఇంత మార్పు రాదు.

ఈ తరహా పటాలకు దారి చూపినవారు కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోకు చెందిన హాడ్జిక్కీ సోదరులు. 1980ల చివర వారు తెచ్చిన రెవల్యూషన్ పటాన్ని అనుసరించే, ఈనాటికీ చాలా కంపెనీలు రెండు రెక్కలు కలిపి కుట్టినట్టుండే అదే ఆకారాన్ని తయారు చేస్తున్నాయి. వాటిలో 1.5 అనే సైజు వెడల్పు దాదాపు ఏడు ముప్పావు అడుగులు, మొదట వచ్చిన రెవ్ 1 వెడల్పు తొమ్మిది అడుగులు. పెద్ద పటం మందగాలిలో నెమ్మదిగా, నిండుగా తేలుతుందన్న మాట నిజమే. అయితే అది తిరగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, నేర్చుకునేవారి చేతి పొరపాట్లను ఆలస్యంగా చూపిస్తుంది, గాలి కాస్త లేచిందంటే భుజాలు లాగేస్తుంది. అందుకే మొదటి పటంగా 1.5 సైజునే చెబుతాను. బట్ట మధ్య జాలీ గుడ్డ వేసి కుట్టిన వెంటెడ్ రకం మాత్రం ఎంత చవకగా వచ్చినా ఇప్పుడు కొనవద్దు, అది పెనుగాలి కోసం చేసినది.

రాడ్ల విషయంలో కొంచెం శ్రద్ధ పెట్టు. కార్బన్ బట్టను ఎన్ని చుట్లు చుట్టి చేశారన్న దాన్ని బట్టి వాటిని రెండు చుట్లవి, మూడు చుట్లవి, నాలుగు చుట్లవి అంటారు. మూడు చుట్లవి అన్ని వేళలా పనికొస్తాయి. మందగాలికి రెండు చుట్ల రాడ్లు తేడా చూపిస్తాయి గానీ, పటం తలకిందులై వేగంగా నేలను గుద్దితే అవే ముందు విరుగుతాయి. పడిపోతున్న పటాన్ని చూసి అందరూ చేసే పని దారాలు గట్టిగా లాగడం. అలా లాగితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చేతులు ముందుకు చాచి రెండడుగులు పటం వైపు వేస్తే అది మెత్తగా వాలుతుంది. ఈ అలవాటు పడేదాకా మూడు చుట్ల రాడ్లతోనే ఎగరేసి, ఆ తరువాత తేలికవి కొను.

ఇక దారాల సంగతి, ఇది కొంచెం వివరంగా రాయాలి. పటంతో పాటు సాధారణంగా 90 పౌండ్ల బలం గల 120 అడుగుల దారాలు వాడతారు. సముద్ర తీరాన అవి చక్కగా ఉంటాయి. మందగాలిలో మాత్రం ఆ నాలుగు దారాల బరువును పటమే మోయాలి, పైగా అవి మధ్యలో కిందికి సాగి వేలాడతాయి. అప్పుడు నీవు మణికట్టు తిప్పినా ముందు ఆ వేలాడే దారం బిగుసుకున్నాకే పటానికి కబురు అందుతుంది. 50 పౌండ్ల సన్నని దారం, 50 లేదా 80 అడుగుల పొడవుది కొను. నేల దగ్గర రాపిడి వల్ల గాలి వేగం తక్కువగా ఉంటుంది గనుక పొడవు దారంతో పైనున్న మంచి గాలిని అందుకోవచ్చని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు, కానీ నేర్చుకునే దశలో చేతి కదలిక వెంటనే పటంలో కనిపించడమే నీకు ముఖ్యం.

స్పెక్ట్రా, డైనీమా పేర్లతో అమ్మే పాలిథిలీన్ దారమే వాడాలి. ఆ దారాలు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడినా నునుపుగా జారుతాయి గనుక పటం కొన్ని చుట్లు గిర్రున తిరిగినా అదుపు తప్పదు. సంక్రాంతికి హైదరాబాద్ మేడల మీద వాడిన మాంజా అలవాటుతో గాజు పూసిన దారం సంగతి ఊహలోకి కూడా రానివ్వకు. మన దారాలు మనమే తెంచుకున్నట్టు అవుతుంది, దారినపోయే వారికీ ప్రమాదం. కొత్త దారాలు వాడేకొద్దీ కొంత సాగుతాయి. అందుకని నాలుగింటి ఒక చివరను నేలలో దిగేసిన ఒకే మేకుకు తగిలించి, రెండో చివరలను పట్టుకుని కాసేపు గట్టిగా లాగి, ఆపైన పొడవులు సరిచూడు. అర అంగుళం తేడా ఉన్నా పటం ఒక పక్కకే వాలుతుంది, నీవేమో తప్పు నీ చేతిదనుకుంటావు.

హ్యాండిల్ పై భాగాన వేలాడే పొట్టి తాడుకు వరుసగా ముడులుంటాయి. పై దారాన్ని హ్యాండిల్‌కు దగ్గరి ముడికి కడితే పటం ముందుకు దూకే గుణం పెరుగుతుంది, దూరపు ముడికి కడితే ఆగే గుణం, వెనక్కి వచ్చే గుణం పెరుగుతాయి. మందగాలిలో పటం నేల విడవనని మొండికేస్తే హ్యాండిల్ వైపు ఒక ముడి లోపలికి కట్టు, అంతకు మించి ఒకేసారి మార్చకు. మార్చిన వెంటనే పటాన్ని గాలిలో నిలిపి, హ్యాండిళ్ల కింది కొసలను నీ వైపు వంచి చూడు. అది బుద్ధిగా వెనక్కి నడిస్తే ముడి సరిపోయినట్టు. కదలక పక్కకు దొర్లితే మళ్లీ పాత ముడికి వెళ్లు. హ్యాండిళ్లు 13 అంగుళాలవి చాలు. 15 అంగుళాలవి మణికట్టు కొద్దిగా తిప్పినా ఎక్కువ దారాన్ని లాగుతాయి గనుక వాటిని ఇష్టపడే వారున్నారు, నేను వాటి మీద పెద్దగా పట్టుబట్టను.

ఎగరేయడంలో నీ చేతి అలవాటు ఒకటి మారాలి. మన పతంగికి ఢీల్ ఇవ్వాలంటే చరఖా వదులుతాం. ఇక్కడ దారం పొడవు మారదు, కాబట్టి చరఖా పని నీ కాళ్లు చేయాలి. పటం నేల మీద నిలబడి ఉండగా దారాలన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని, బొటనవేళ్లున్న పై కొసలను నీ వైపు వంచుతూ మూడు నాలుగు అడుగులు ఆగకుండా వెనక్కి వెయ్యి. మొదటి అడుగు గుంజినట్టుగా పడకూడదు. గుంజితే పటం ఒక్కసారి లేచి, ఆ ఊపు అయిపోగానే బరువుగా కూలబడుతుంది. పైకి పోయాక నీ నడకను తగ్గించి, చేతులను కొద్దిగా వెనక్కి తీసి మళ్లీ ముందుకు వదులుతూ దానికి చిన్న చిన్న ఊతాలు ఇవ్వు.

ఇలా వెనక్కి పోతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కంచె తగులుతుంది. పోగొట్టుకున్న నేలను తిరిగి సంపాదించడమే మందగాలి విద్యలో అసలు కష్టం. పటం పై ఎత్తులో ఉన్నప్పుడు కింది దారాలను లేశమాత్రం లాగి, దాని పై అంచు నీకు అవతలి వైపుకు వాలగానే నాలుగు దారాలూ వదులు చేస్తూ ముందుకు నడువు. పటం పళ్లెంలా పరుచుకుని నీ నుంచి దూరంగా జారుకుంటుంది, అది నేలకు చాలా ఎత్తులో ఉండగానే పై దారాలను బిగించి మళ్లీ నిలబెట్టాలి. ఇది కుదరడానికి ముందు సులువైన దారి ఒకటుంది: పటాన్ని ఒక పక్కకు అడ్డంగా నడిపిస్తూ, నీవు అదే పక్కకు ఏటవాలుగా ముందుకు నడవడం.

చోటు ఎంచుకునేటప్పుడు గాలి వచ్చే వైపున్న చెట్లను చూడు. చెట్టు ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం దాకా గాలి చెదిరిపోయి ఉంటుంది, కాబట్టి 60 అడుగుల పైన్ చెట్లుంటే వాటికి కనీసం 600 అడుగుల అవతల నిలబడాలి. మైదానం అంత పెద్దది కాకపోతే ఇంకో మైదానం వెతుక్కో. కరెంటు తీగల దగ్గర, ఉరుములు వినిపిస్తున్నప్పుడు అసలు ఎగరేయవద్దు. తెల్లవారుజామున గాలి నిలకడగా ఉంటుందని తొందరపడకు. మంచుతో తడిసిన గడ్డి మీద పటం బట్ట, దారాలు రెండూ నీళ్లు పట్టి బరువెక్కుతాయి, గడ్డి ఆరాకే విప్పు.

పటం చేతికి రాగానే నాలుగు దారాల పొడవులు కొలిచి, ఏ హ్యాండిల్‌కు ఏ ముడి మీద కట్టావో ఫోటో తీసి పంపించు. ఆ పటం ఎటు వాలుతోందో కూడా రాస్తే, ఏ ముడి మార్చాలో ఇక్కడి నుంచే చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య