చావు దగ్గర రాసే మాట

చిరంజీవికి,

నువ్వు పంపిన రెండు అమెరికన్ జీవితకథలూ చదివాను. పదహారేళ్ల గార్ఫీల్డ్ ఒహాయో కాలువ గట్టు మీద పడవను లాగే కంచరగాడిదలను తోలిన పేరా బాగుంది. కానీ రెండు వాక్యాలు నన్ను నిద్రపోనివ్వలేదు.

అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ గురించి, "ఒక్క తూటా ఆ మహనీయుణ్ని బలి తీసుకుంది, ఆయన అమరుడయ్యారు" అన్నావు. చికాగో ముఠా నాయకుడు అల్ కాపోన్ గురించి, "పాపం పండి దిక్కులేని చావు చచ్చాడు" అన్నావు. రెండూ అబద్ధాలే నాయనా.

వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గీటో అనేవాడు గార్ఫీల్డ్‌ను కాల్చింది 1881 జూలై 2న. ఆయన చనిపోయింది సెప్టెంబరు 19న. మధ్యలో పదకొండు వారాలు ఏమయ్యాయి? తూటా వెన్నుపాముకు తగలకుండా ఎడమవైపు క్లోమగ్రంథి వెనక ఆగింది. డాక్టర్లు కడగని వేళ్లతో, తూటా దూరిన కుడివైపు గాయాన్ని పదేపదే కెలికారు. అంతకు ఐదేళ్ల ముందే బ్రిటిష్ సర్జన్ లిస్టర్ అమెరికాలోని ఫిలడెల్ఫియా వచ్చి, క్రిములను చంపే మందుతో చేతులూ పనిముట్లూ కడగమని చెప్పి వెళ్లాడు. చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ తూటాను వెతకడానికి లోహాన్ని పసిగట్టే యంత్రం తెస్తే, వైద్యానికి పెద్దగా ఉన్న డాక్టర్ బ్లిస్ కుడివైపు తప్ప వెతకనివ్వలేదు. మనిషి చీము పట్టి, చిక్కి శల్యమై పోయాడు. "డాక్టర్లు చంపారు, నేను కాల్చానంతే" అని కోర్టులో గీటో అన్నాడు. హంతకుడు తప్పించుకోవడానికి అన్న మాటే అయినా అందులో సగం నిజం ఉంది. దాన్ని నువ్వు "అమరుడయ్యారు" కింద పాతిపెట్టేశావు.

కన్నుమూశారు, పరమపదించారు, హతమయ్యాడు, చచ్చాడు. మనకు చావుకి ఎన్ని మాటలో! ఒకటి ఎంచుకోగానే తీర్పు చెప్పేసినట్టే. ఇక ఆ మనిషి ఎలా పోయాడో వెతకబుద్ధి కాదు. ఇద్దరికీ "చనిపోయాడు" అని రాయి, చాలు.

నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చేసే రోజుల్లో, ఇంజెక్షన్ వికటించి ఒక బడిపంతులు చనిపోయారని వార్త రాశాను. డెస్క్ ఇన్‌చార్జ్ ఆ ముక్క కొట్టేసి, "స్వల్ప అస్వస్థతతో పరమపదించారు" అని వేశాడు. మర్నాడు పంతులు గారి భార్య పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చింది. "ఒట్టి జ్వరమే కదా బాబూ, సూది సంగతి రాయలేదేం?" అని అడిగింది. తలెత్తలేకపోయాను. ఆ ఇన్‌చార్జ్‌ని ఇప్పటికీ క్షమించలేదు, ఎదురుచెప్పకుండా ఊరుకున్న నన్ను నేనూ క్షమించుకోలేదు. ఇప్పటి ఎడిటర్లూ అంతే. "దారుణ మరణం" అని హెడ్డింగు పెట్టందే వాళ్లకు తృప్తి లేదు.

కాపోన్ 1939లో జైలు నుంచి వచ్చేనాటికే సిఫిలిస్ అనే సుఖవ్యాధి మెదడుకు పాకింది. 1947 జనవరి 25న ఫ్లోరిడాలో, పామ్ ఐలండ్‌లోని సొంత ఇంట్లో, భార్యా కుటుంబమూ దగ్గరుండగా చనిపోయాడు. దిక్కులేని చావు ఎలా అయింది? అతని మీద నీకు కోపం ఉంటే ఉండనీ, నాకూ ఉంది. 1929 ఫిబ్రవరి 14న చికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అది కాపోన్ చేయించిన పనే అని జనం నమ్మారు, కానీ ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. 1931లో అతనికి పడిన 11 ఏళ్ల జైలు ఆదాయపు పన్ను ఎగ్గొట్టినందుకు. నీ కోపం ఆ గ్యారేజీ దగ్గర కనపడాలి. నీ కథలో ఆ ఏడుగురికి అర వాక్యం, కాపోన్ టోపీకి మూడు వాక్యాలు!

పబ్లిషర్ల గురించీ, కలం పేరు గురించీ అడిగావు. తర్వాత చూద్దాం. ముందు గార్ఫీల్డ్‌ను మళ్లీ రాయి. సెప్టెంబరులో ఆయన్ని సముద్రపు గాలి కోసం న్యూజెర్సీలోని ఎల్బెరాన్‌కు తీసుకెళ్లారు. స్టేషన్ నుంచి గుర్రబ్బండి కుదుపులకు తట్టుకోలేడని, రాత్రికి రాత్రి బస గుమ్మం దాకా పట్టాలు వేశారు. చివర్లో ఇంజను ఎత్తు ఎక్కలేకపోతే, జనం రైలుపెట్టెను చేతులతో తోసుకుంటూ తీసుకెళ్లారు. నీ కథలో ఈ జనం లేరు. వాళ్లతో మొదలుపెట్టి రాసి పంపు.

ఆశీస్సులతో.