సామెతలోని ‘ఉట్లు’ అంటే

‘ఉట్టి అంటే ఖాళీ కదా, మరి పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అన్న సామెతలో తెగేది ఏమిటి?’ అని అడిగారు. మంచి ప్రశ్న. ఇవి రెండూ వేరు వేరు మాటలండీ. ‘ఉట్టి చేతులతో వచ్చాడు’, ‘ఉట్టి మాటలు’ అన్నప్పుడు అది ‘వట్టి’కి వాడుక రూపం. ఆ అర్థంలో దానికి బహువచనం ఉండదు.

సామెతలోని ఉట్టి ఒక వస్తువు. తాళ్లతో అల్లి, ఇంటి దూలానికి వేలాడదీసేవారు. అందులో పాలు, పెరుగు, వెన్న కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. పిల్లికి, ఎలుకకు అందదు, గాలి మాత్రం బాగా తగులుతుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఏముంటుంది! కింద కూర్చున్న పిల్లి ఎంత తిట్టుకున్నా ఆ తాడు తెగదు. అదీ సామెత.

కృష్ణాష్టమికి కొట్టే ఉట్టి కూడా ఇదే. ‘ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట’లోనూ ఇదే.

రాసేటప్పుడు ‘పెరుగు ఉట్టి మీద ఉంది’, ‘ఉట్టి దించు’ అనండి, సహజంగా ఉంటుంది. ‘ఉట్టిలో’ అన్నా తప్పేమీ లేదు. బహువచనం మాత్రం ‘ఉట్లు’ అనే రాయాలి, ‘ఉట్టిలు’ అని కాదు.