శైలూ, షూటింగుకు ముందు ఇది చదువు

శైలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆఫీసుకు సెలవు పెట్టి దెయ్యాల సినిమా తీస్తుందట, అదీ మూకీ అట. అంతా నీ పోలికే" అని అరగంట దులిపేసింది. తిట్లన్నీ పడ్డాను గానీ లోపల్లోపల సంతోషంగానే ఉంది. ఇదంతా ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ ఇంకోపక్క లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

నువ్వు మురిసిపోతున్న ఆ లివర్‌పూల్ ఆయన, భయానక సినిమాల క్లైవ్ బార్కర్, చిన్నప్పుడు తీసిన ముక్కలు నేనూ చూశాను. 1973లో 8 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన 'సాలొమే'లో నాకు చీకటే ఎక్కువ కనిపించింది. ఆ తర్వాత 16 ఎంఎం మీద తీసిన 'ది ఫర్బిడెన్' మాత్రం నన్ను కూర్చోబెట్టింది. బొమ్మంతా నెగటివ్‌లోనే, అంటే తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా చూపించాడు. ఫిల్మ్ లాబులో ఇన్నేళ్ళు నెగటివ్ చూసి చూసి కళ్ళు పోగొట్టుకున్న నాకు, అది భయపెడుతుందని ఎప్పుడూ తట్టలేదు. నీకు మాత్రం ఐదేళ్ళప్పుడే తట్టింది. మద్రాసు సాలిగ్రామంలో మా లాబుకు తీసుకెళితే లైట్ టేబుల్ మీద ఒక హీరోయిన్ నవ్వు చూసి, "ఈవిడ పళ్ళెందుకు నల్లగా ఉన్నాయి?" అని ఏడుపు లంకించుకున్నావు. ఆ రాత్రి అన్నం తినలేదని మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లు వేరే.

ఆ సినిమాలో చెక్క చూశావుగా? గళ్ళు గీసి, గీతలు కలిసిన చోటల్లా ఇంతేసి మేకులు కొట్టి, దాని మీద లైటు అటూ ఇటూ కదిపాడు, అంతే. నెగటివ్ కాబట్టి నల్లగా పడాల్సిన మేకుల నీడలు తెల్లగా వెలుగుతూ తిరుగుతాయి. 1987లో 'హెల్‌రైజర్' తీసినప్పుడు తలంతా మేకులు దిగిన ఆ మనిషి పుట్టింది ఈ చెక్క లోంచే. ఆ వేషం కట్టిన డగ్ బ్రాడ్లీ ఎవరనుకున్నావు? బార్కర్‌తో కలిసి చదువుకున్నవాడు, ఈ చిన్న సినిమాల్లోనూ వేషాలు వేసినవాడు. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ స్నేహితుడు నమ్మి ముఖం అప్పగించాడంటే, చెక్క కంటే నాకు అదే గొప్పగా కనిపిస్తుంది.

సరే, పనిలోకి వద్దాం. బ్యాటరీలు రెండేసి పెట్టుకో. బీచ్‌లో ట్రైపాడ్ దించే ముందు పర్మిషన్ తీసుకో. డాబా మీద నీళ్ళు నిలిచిన చోట లైటు స్టాండ్ పెట్టొద్దు, వైరు అతుకులు నేల మీద వదలొద్దు. అందరికీ వేళకు అన్నం పెట్టు.

ఎవరిదో బోలెక్స్, అదే కీ తిప్పి నడిపే ఫిల్మ్ కెమెరా, అడిగి తెచ్చావట, ఒక్క రోలైనా ఫిల్మ్ మీద తీస్తావట. మంచిదే. వంద అడుగుల 16 ఎంఎం రోలు, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, మూడు నిమిషాలు కూడా రాదు. కీ ఒకసారి నిండా తిప్పితే అర నిమిషం లోపే ఆగిపోతుంది. కాబట్టి ఏ షాటూ అంతకు మించి రాసుకోకు. ఆ కెమెరా గరగరమంటుంది, మూకీ గనక పట్టించుకోనక్కర్లేదు. వడపళని రోడ్డు మీద ఆటోలు ఎంత మొత్తుకున్నా నీకు నష్టం లేదు. ఫ్యాన్లు కట్టేయకు, మే నెల ఎండల్లో పిల్లలు సొమ్మసిల్లుతారు.

నెగటివ్‌లోనే చూపించాలనుకుంటే రక్తం సంగతి ఆలోచించుకో. ముదురు ఎర్ర రంగు బ్లాక్ అండ్ వైట్‌లో దాదాపు నల్లగా పడుతుంది, నెగటివ్‌లో పాలలా తెల్లబడుతుంది. నల్లటి రక్తం కావాలంటే దాని బదులు చిలికిన పెరుగు వాడు. నవ్వకు, ఒకసారి తీసి చూడు.

ఇక అసలు సంగతి. మీ వాళ్ళలో ఒకబ్బాయికి ముఖం మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేసి శవంలా పడుకోబెడతావని మీ అమ్మ ఏదో మాటల్లో అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎనభైల్లో నాతో పాటు రూములో తెనాలి కుర్రాడొకడు ఉండేవాడు. డైరెక్టర్ కావాలని వచ్చాడు. పెద్ద కంపెనీల షూటింగుల్లో వాడకుండా మిగిలిన ఫిల్మ్ ముక్కలు, షార్ట్ ఎండ్స్, అడుక్కొచ్చి మూకీ తీశాడు. నూతి గట్టు పక్కన శవం, తెల్లటి ముఖం, చివర్లో కళ్ళు తెరవాలి. శవం వేషానికి మా వీధిలోనే ఉన్న జూనియర్ ఆర్టిస్టు దొరికాడు. వాడికి అదే మొదటి క్లోజప్, ఏం చెయ్యమన్నా చేస్తాడు. మావాడు బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెచ్చి, కలిపి, వట్టి చర్మం మీదే మెత్తేశాడు. వాజలైన్ లేదు, కనుబొమ్మల మీద గుడ్డ లేదు. ముక్కు పుటాలు మాత్రం వదిలాడు. పైగా ఒక రూలు పెట్టాడు: మూడ్ చెడుతుంది, సెట్ మీద ఎవరూ నోరు మెదపకూడదు.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. గోరువెచ్చన కాదు, దళసరిగా వేస్తే చర్మం కాలి బొబ్బలెక్కేంత. పైగా కాస్త జారి ఒక ముక్కు పుటం మూసుకుంది. కదలొద్దన్నారని వాడు కదల్లేదు. నోరు కూడా ప్లాస్టర్ కిందే ఉంది, అరవడానికి లేదు. వేళ్ళు మాత్రం నేలను గీరుతున్నాయి, కాలి బొటనవేలు వంకర తిరిగింది. మావాడు కెమెరాలోంచి చూస్తూ, "అబ్బ, ఏం చేస్తున్నాడ్రా" అని గొణుక్కుంటూ మళ్ళీ కీ తిప్పాడు. నా చేతులు రెండూ మోచేతుల దాకా చేంజింగ్ బ్యాగులో, అంటే వెలుతురు సోకకుండా ఫిల్మ్ ఎక్కించే నల్ల సంచిలో ఉన్నాయి, నేను అటు తిరిగి రోలు ఎక్కిస్తున్నా. నీళ్ళు తోడుకోవడానికొచ్చిన ఇంటావిడ బిందె అక్కడే పడేసి, "అయ్యో, అవనుక్కు మూచ్చు ముట్టుదుడా!" అని అరిచింది. సినిమా గురించి ఏమీ తెలియనావిడ. ఊపిరాడటం లేదని ఆవిడకే తెలిసింది.

ఊడబీకితే ప్లాస్టర్‌తో పాటు ఒక కనుబొమ్మ, రెప్పల వెంట్రుకలు వచ్చేశాయి. బుగ్గలు కమిలి నీటి బొబ్బలు. ఆస్పత్రికి రిక్షాలో వెళుతూ ఆ పిచ్చివాడు అడిగిందేమిటో తెలుసా? "షాట్ ఓకేనా అన్నా?"

రష్, అంటే ఎడిటింగ్‌కు ముందు తీసింది తీసినట్టు, చూశాం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే, శైలూ. షాట్ చాలా బాగుంది. ఆ వేళ్ళు నేలను గీరడం చూసి ప్రొజెక్షన్ రూములో ఒకాయన చప్పట్లు కొట్టాడు. మావాడు దాన్ని ఎడిటింగ్‌లో ఉంచేశాడు, అడిగిన వాళ్ళందరికీ నటన అనే చెప్పాడు. తర్వాత మేమిద్దరం ఒకే రూములో ఉన్నాం గానీ మాటలు తగ్గిపోయాయి. ఆ జూనియర్ ఆర్టిస్టు బొబ్బలు తగ్గగానే ఊరెళ్ళిపోయాడు.

నీ సినిమా మూకీ, నీ సెట్ కాదు. సౌండ్ తీసుకోవడం లేదు గనక నీకున్న సుఖమే అది. కెమెరా తిరుగుతుండగా నువ్వు ఎంతైనా మాట్లాడొచ్చు. వెనకటి మూకీల వాళ్ళు మెగాఫోన్ పట్టుకుని టేక్ నడుస్తుండగానే అరిచి చెప్పేవారు. నువ్వూ అడుగు: "బాబూ, ఊపిరి ఆడుతోందా? మండుతోందా?" ఆ అబ్బాయి చేతికి ఒక గంట ఇవ్వు. అది మోగితే ఎంత మంచి షాట్ అయినా కట్. మానిటర్ వైపు కాకుండా ఆ అబ్బాయి వైపే చూడటానికి ఒక మనిషిని పెట్టు, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకు.

అసలు ప్లాస్టర్ ఎందుకు? చల్లారిన మైదా జిగురులో టిష్యూ పేపరు ముంచి పొరలు పొరలుగా అంటించు, ముక్కూ నోరూ వదిలేసి. ముందు రోజు మోచేతి మడత దగ్గర కాస్త రాసి చూడు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎవడికీ తేడా తెలియదు.

ఇంకొకటి. తీసిందాన్ని మూడు చోట్ల దాచు. తెలుగు సినిమాకు ఆద్యుడు రఘుపతి వెంకయ్య గారు గెయిటీ సినిమా హాలు కట్టింది ఈ మద్రాసులోనే, వాళ్ళబ్బాయి ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిందీ ఈ ఊళ్ళోనే. ఇవాళ చూద్దామంటే ఆ సినిమా లేదు. వెండి కోసం కరిగించినవి కొన్ని, ఉక్కకు పాడైనవి కొన్ని, ఇక్కడి మూకీలు దాదాపు అన్నీ అలాగే పోయాయి. నీ హార్డ్ డిస్కుకు చెమ్మ తగలదులే గానీ, నువ్వు టీ ఒలకబోసే రకం.

మీ అమ్మకు నేను సర్దిచెబుతా. నీ కథ ఏమిటో చెప్పొద్దు, తెర మీదే చూస్తాను. ఆ మేకప్ ఎవరు వేస్తున్నారో, ఏం వేస్తున్నారో మాత్రం శుక్రవారం లోపు నాకు ఫోన్ చేసి చెప్పు.

మావయ్య